గుండీల డబ్బాలో బిళ్ళలు

“ఇవి గుండీలు కావు అత్తయ్యా.”

కోడలు బోర్లించిన రేకు డబ్బాలోంచి రంగురంగుల గుండీలు కుట్టుమిషను బల్ల మీద దొర్లాయి. వాటి మధ్యలో గుప్పెడు తెల్లవి, చొక్కా గుండీలంత చిన్నవి ఉన్నాయి. వాటికి దారం దూర్చే కన్నాలు మాత్రం లేవు.

అత్తగారు మిషను ఆపలేదు. సోమవారం కొడుకు మళ్ళీ బస్సు నడిపే డ్యూటీ ఎక్కుతాడు. ఆ వేళకి కొత్త యూనిఫారం చొక్కా ఇస్త్రీతో సహా కొక్కేనికి వేలాడాలని ఆవిడ పంతం.

“గుండీలని నేనెప్పుడన్నాను?”

“మరి ఇందులో ఎందుకున్నాయి? ఇవి నేను ప్రతి నెలా ఆరోగ్య కేంద్రం నుంచి తెస్తున్న బిళ్ళలు. ఎర్ర బిళ్ళలతో పాటు రోజుకొకటి ఆయనకి వెయ్యమని ఇచ్చినవి.”

“పారేశానా ఏమన్నా? దాచాను. మందుని చెత్తబుట్టలో వేసే రకం కాదు నేను.”

“దాచడానికా అత్తయ్యా వాళ్ళిచ్చింది?”

అప్పుడు ఆగింది మిషను. అత్తగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. ఆ అద్దాలు కోడలు తన కళ్ళజోళ్ళ దుకాణం నుంచి తెచ్చి పెట్టినవే. కానీ కోపం వస్తే ఆవిడ వాటి పైనుంచే చూస్తారు.

“ఇలా కూర్చో. నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఈ చిన్నది ఏమిటి?”

“విటమిను.”

“కోటు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చెప్పిందని నేను కొన్న సీసాలో ఉన్నదేమిటి?”

“అదీ విటమినే.”

“మరింకేం! లైనింగు వేసిన కోటుకి మళ్ళీ లైనింగు వేస్తామా? వేస్తే చేతులెత్తలేడు, చంకలో పిగిలిపోతుంది. బంగారంలాంటి గుళికలు వేస్తున్నాను కదా, ఇంక ఈ సుద్దముక్కలెందుకని తీసేశాను. అంతే.”

అంతే అన్న మాటతో ఆవిడ లెక్కలో తగువు తీరిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

కోడలు గోడ మీది జేబుల పరదా వైపు చూసింది. కొడుకుకి క్షయ అని తేలిన రోజున అత్తగారు ఏడవలేదు. పాత పరదా ఒకటి కత్తిరించి, రోజుకో జేబు చొప్పున నెలకి సరిపడా జేబులు కుట్టి గోడకి తగిలించారు. నెల మొదట్లో ఒక్కో జేబులో ఆ రోజు బిళ్ళలు పెట్టడం ఆవిడ పని. పొద్దున్నే జేబులోవి తీసి మింగడం కొడుకు పని. ఎంత ముచ్చటగా ఉందో అని కోడలు మురిసిపోయి ఊరుకుంది. జేబుల్లో ఏమున్నాయో ఒక్కనాడైనా చూడలేదే అని ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంట సగం అత్తగారి మీద, సగం తన మీద.

“డాక్టర్ని అడగకుండా తీసెయ్యడమేమిటి అత్తయ్యా?”

“అడిగేదేముంది? టేపు చెప్పడం లేదూ? ఆ సీసా వచ్చాకే కదా వాడు ఒళ్ళు చేశాడు! ప్రతి శనివారం ఛాతీ కొలుస్తున్నాను. వారం వారం ఎంతో కొంత పెరుగుతోంది. నీకు నేనంటే గిట్టకపోవచ్చు, టేపుకి కూడా గిట్టదా?”

“సీసా వచ్చింది, ఎర్ర బిళ్ళలు పడుతున్నాయి, ఆకలి పుట్టింది, మీరు దగ్గర కూర్చుని తినిపించారు. ఇందులో దేని వల్ల ఒళ్ళు వచ్చిందో మీకెలా తెలిసింది? మా దుకాణంలో చూపు పరీక్ష చేసేటప్పుడు ఒకసారికి ఒక్క అద్దమే మారుస్తాం. ఇలా బాగుందా, అలా బాగుందా అని అడుగుతాం. అన్నీ ఒక్కసారే మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు?”

“నా కొడుకు నీకు చూపు పరీక్ష బోర్డులా కనిపిస్తున్నాడా?”

దీనికి జవాబు చెప్తే మధ్యాహ్నం దాకా సాగుతుంది. కోడలు తెల్ల బిళ్ళలన్నీ ఏరి ఖాళీ కళ్ళజోడు పెట్టెలో పోసుకుంది. శనివారం ఆరోగ్య కేంద్రం ఒంటిపూటే ఉంటుంది.

వెళ్ళేముందు విడిచిన బట్టలు బకెట్లో నానబెడుతుంటే మళ్ళీ అదే. ఒక చొక్కాకి రెండు బనియన్లు. పోయినవారం అడిగితే “చెమట పట్టింది, మార్చుకున్నాను” అన్నాడు మొగుడు. ఇంట్లో కూర్చున్న మనిషికి అంత చెమటెందుకు? పైగా రెండు బనియన్లూ ఒకదాంట్లో ఒకటి దూరి, విడదీయకుండా ఒకేసారి తలమీంచి లాగినట్టున్నాయి. మార్చుకున్న బనియన్లు అలా ఉండవు. ఆమె వాటిని విడదీసి, ఏమీ తోచక మళ్ళీ నీళ్ళలో ముంచింది.

అంతలో అతనే స్నానాల గది నుంచి వచ్చాడు, బస్సు హారన్‌ని నోటితో అనుకరిస్తూ. మళ్ళీ స్టీరింగు పట్టుకోబోతున్న సంబరం మొహంలో తెలుస్తోంది.

“ఏంటి, పొద్దున్నే అత్తాకోడళ్ళ మధ్య ట్రాఫిక్ జామా?”

“మీ చెప్పేదీ?” అంది ఆమె.

“ఏ చెప్పు?”

అతని కుడికాలికి చెప్పు ఉంది. ఎడమది గది గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అతను కిందికి చూసుకున్నాడు. ఒక్క క్షణం, ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూశాడు.

“ఆఁ, తెలుసులే. నేనే వదిలేశాను” అని వెనక్కి వెళ్ళాడు.

హారన్ మళ్ళీ మోగలేదు.

* * *

“రావమ్మా కళ్ళద్దాలమ్మా. మీ ఆయన్ని తీసుకురమ్మంటే ఈసారి కూడా నువ్వే వచ్చావా?”

ఆరోగ్య కేంద్రంలో క్షయ మందులిచ్చే నర్సు గొంతు ఎప్పుడూ గదమాయింపే. అందులో ప్రేమ పాలు ఎంతో, విసుగు పాలు ఎంతో ఎవరూ తేల్చలేకపోయారు. ఆవిడ ముక్కు మీద జారిపోయే కళ్ళజోడుని కోడలు ఒకసారి బిగించి పెట్టింది. ఆ స్నేహం కొద్దీ కూర్చోమంది.

కోడలు పెట్టె మూత తీసి చూపించింది. ఆవిడ గదమాయింపు ఒక్కసారిగా ఆగిపోయింది.

“ఇన్నా? ఇవన్నీ వేసుకోలేదా?”

“మా అత్తయ్య తీసేశారు సిస్టర్. సీసా విటమిన్లు వాడుతున్నాం కదా, ఇవెందుకని. ఏమన్నా ప్రమాదమా? అసలు ఈ చిన్నదానికీ ఆ సీసాకీ తేడా ఏమిటి? అదీ విటమినే, ఇదీ విటమినే కదా?”

“కళ్ళద్దాలన్నీ ఒకటేనా నీ దుకాణంలో? దగ్గరచూపు వాడికి దూరపుచూపు అద్దం పెడతావా?”

కోడలు నాలుక కరుచుకుంది.

“ఆ సీసాలో ఏ విటమిను?”

“డి అని రాసుంది. ఆ ఒక్కటే.”

“డి ఎముకలకి మంచిది. క్షయ మందుతో పాటు అది కూడా ఇస్తే తొందరగా నయమవుతుందా అని పెద్దవాళ్ళు పరీక్షలు చేశారు, ఇంకా చేస్తున్నారు. ఒకచోట కొంచెం తేడా ఉందంటారు, ఇంకోచోట ఏమీ లేదంటారు. ఒంట్లో తక్కువగా ఉంటే డాక్టరే రాసిస్తారు. తప్పేం లేదు. కానీ అది మందుకి తోడు మాత్రమే, మందు కాదు. క్రిముల్ని చంపేవి ఆ ఎర్ర బిళ్ళలే.”

“మరి ఈ తెల్లది?”

“ఇది బి సిక్స్. దీని కథ వేరు. ఎర్ర బిళ్ళలో ఉన్న మందుల్లో ఒకటి క్రిముల పని పడుతూనే, మన ఒంట్లో ఉన్న ఈ విటమిన్ని కూడా లాగేస్తుంది. అందరికీ ఇబ్బంది రాదు. మీ ఆయనలా చిక్కిపోయి ఉన్నవాళ్ళకి వస్తుంది. ఇది తగ్గితే నరాలు దెబ్బతింటాయి. అందుకే ముందుజాగ్రత్తగా చేతిలో పెట్టి పంపిస్తాం.”

“నరాలంటే?”

“ముందు కాలివేళ్ళు. తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టు ఉండటం. తర్వాత తర్వాత మొద్దుబారిపోతాయి. నేల మీద కాలు పడిందో లేదో కూడా...”

కోడలి కళ్ళముందు గుమ్మం దగ్గరి ఎడమకాలి చెప్పు కనిపించింది.

“ఆయన డ్రైవరు సిస్టర్” అంది. “సోమవారం డ్యూటీలో చేరుతున్నారు.”

నర్సు చేతిలో కలం కింద పెట్టేసింది.

“కఫం పరీక్షలో ఏమీ లేదు, నీరసం లేకపోతే పని చేసుకోవచ్చని డాక్టరుగారు రాసిచ్చారు, నిజమే. అప్పుడు కాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు. తర్వాత ఈ వైపు రానేలేదు. ఎర్ర బిళ్ళలైనా సరిగ్గా వేసుకుంటున్నాడా?”

“వేసుకుంటున్నారు. జేబులు ఖాళీ అవుతున్నాయి కదా.”

“జేబు ఖాళీ అయితే మింగినట్టేనా? మూత్రం నారింజ రంగులో వస్తోందా?”

ఈ ప్రశ్నకి కోడలికి మొదట నవ్వొచ్చింది. మందు మొదలుపెట్టిన కొత్తలో అతను రోజూ ఒకటే జోకు. స్నానాల గదిలోంచే కేకేసేవాడు, “రేడియేటర్లో తుప్పు నీళ్ళు దిగుతున్నాయోయ్!” అని. అత్తగారు సిగ్గులేదురా అని తిట్టేవారు. రంగు చూసి మొదట్లో భయపడితే, ఆ మందు లక్షణమే అంతని ఈ నర్సే ధైర్యం చెప్పింది.

ఆ జోకు విని ఎన్నాళ్ళయింది?

ఆమె వెనక్కి వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకుంది. పోయినవారం లేదు. అంతకుముందూ లేదు. జోకు పాతబడితే మానేసే మనిషి కాదతను. చెప్పిందే పదిసార్లు చెప్పి, తనే ముందు నవ్వేస్తాడు.

“ఏమ్మా, పలకవేం?”

“నేను వెళ్ళాలి సిస్టర్.”

“ఆగు. మధ్యలో మందు ఆపాడంటే క్రిములు మళ్ళీ పుంజుకుంటాయి. ఈసారి మొండికెత్తుతాయి, ఈ బిళ్ళలకి లొంగకపోవచ్చు. ఇవాళ పెద్ద డాక్టరు లేరు. సోమవారం పొద్దున్న మీ ఆయన ఇక్కడుండాలి. డిపోలో కాదు, ఇక్కడ!”

* * *

ఆమె ఇంటికొచ్చేసరికి కొలత వేళయింది.

శనివారం కొలత ఆ ఇంట్లో ఒక తంతు. కిటికీ దగ్గర వెలుతురులో కొడుకు చేతులు చాపి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు. తల్లి టేపు చుట్టి, రెండు వేళ్ళు సందులో దూర్చి, అంకె చదివి, “ఊఁ” అంటుంది. ఆ ఊఁలో ఆ వారానికి సరిపడా ఆనందం ఉంటుంది.

“రావే, చూద్దువుగాని” అన్నారు అత్తగారు గెలుపు గొంతుతో. “మళ్ళీ పెరిగాడు. చొక్కా వదులుగా కుట్టి మంచిపని చేశాను.”

కొత్త చొక్కా అతని భుజాల మీద ఉంది. మెడ దగ్గర ఎముక మాత్రం పొడుచుకుని కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అందరూ టేపునే చూశారు గానీ, ఆ మెడ ఎవరూ చూడలేదు.

“చొక్కా విప్పండి” అంది కోడలు.

“అమ్మ ముందా?” అని నవ్వబోయాడు.

“లోపల రెండు బనియన్లున్నాయి. విప్పండి.”

నవ్వు సగంలో ఆగిపోయింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ టేపుని వేలికి చుట్టుకుంటున్నారు.

“చలి...” అన్నాడు.

“పోయినవారం చెమటన్నారు.”

“నీకు ప్రతిదాని ఆరా కావాలి! బనియన్లు లెక్కపెట్టే పెళ్ళాన్ని ఎక్కడా చూళ్ళేదు.”

“రేడియేటర్లో తుప్పు నీళ్ళు ఎప్పట్నుంచి ఆగిపోయాయో అది కూడా చెప్పండి. ఆరా పూర్తవుతుంది.”

అతను కిటికీ గట్టు మీద కూలబడ్డాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

“కఫంలో ఏమీ లేదన్నారు. తగ్గిపోయిందనుకున్నాను. అప్పటికే కాళ్ళల్లో మంటలు. ఆ బిళ్ళ మింగిన రోజు ఎక్కువైనట్టు అనిపించేది. బస్సు నడిపేవాడికి కాళ్ళు పోతే ఇంకేం మిగుల్తుంది? అందుకే మానేశాను. రోజూ జేబులోంచి తీసి సింకులో వేసేశాను.”

“కాళ్ళ సంగతి నాకైనా చెప్పొచ్చుగా?”

“చెప్తే డాక్టరుకి చెప్తావు. డాక్టరు డిపోకి రాస్తాడు. గ్యారేజీలో కూర్చోబెట్టి టైర్లు లెక్కపెట్టిస్తారు. నాకు వచ్చింది ఒక్క పనే, అది నీకూ తెలుసు.”

అత్తగారు ఇంకా టేపు చుడుతూనే ఉన్నారు. కోడలు ఆవిడ వైపు తిరిగింది. నర్సు చెప్పినదంతా చెప్పింది. తెల్లబిళ్ళ ఎందుకిచ్చారో, అది లేకపోతే ఏమవుతుందో, ఒక్కో మాటా. అరవకుండా చెప్పింది. అరిచి ఉంటేనే అత్తగారికి తేలికయ్యేది.

“అయితే వాడి కాళ్ళు నేను...” అని ఆగిపోయారు ఆవిడ.

“నువ్వేం చేశావమ్మా, నాకు బాగా లేకపోతే నేను చెప్పాలి కదా” అన్నాడు కొడుకు.

“అది సరే అత్తయ్యా, ఒక్కటి మాత్రం నాకు అర్థం కావట్లేదు” అంది కోడలు. ఇది దెప్పడానికి కాదు, నిజంగానే ఆమెకి అంతుపట్టలేదు. “గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి మందం చెప్తారు మీరు. లోపల రెండు పొరలున్నాయని మీ వేళ్ళకి తెలియలేదా?”

అత్తగారు టేపు మీంచి కళ్ళెత్తలేదు.

“తెలుసు.”

కొడుకు తలెత్తాడు.

“మొదటి వారమే తెలిసింది. నన్ను సంతోషపెట్టడానికి వేసుకున్నాడులే అనుకున్నాను. ఇంకాస్త పెరిగితే వాడే తీసేస్తాడనుకున్నాను.” ఆవిడ టేపుని ఇంకో చుట్టు బిగించారు. “ఆ అంకె చదవడం నాకు బాగుండేదే. ఏం చెయ్యను? వారమంతా దానికోసమే ఎదురుచూసేదాన్ని.”

కోడలికి పొద్దుటి నుంచి ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. దగ్గరకెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుందామనుకుంది గానీ, ఆ చెయ్యి టేపుతో చుట్టుకుపోయి ఉంది.

ముందుగా తేరుకున్నది కొడుకే.

“సరే, అయిందేదో అయింది. రేపట్నుంచి అన్నీ వేసుకుంటాను, ఎర్రవీ తెల్లవీ. సోమవారం డ్యూటీ అయ్యాక సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తాను. చాలా?”

“డ్యూటీ అయ్యాకా?” అంది కోడలు.

“కొంచెం తిమ్మిరే కదా. బ్రేకు ఎక్కడుందో నా కాలికి నిద్రలో కూడా తెలుసు. ఇన్నేళ్ళుగా తొక్కుతున్నాను.”

“బస్సు నిండా జనం ఉంటారండీ!”

“అందుకే చెప్తున్నాను, తెలియకపోతే ఎక్కుతానా? నా మీద నీకా మాత్రం నమ్మకం లేదా?”

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు లేచారు. మిషను పక్కనున్న దూది మెత్త మీంచి ఒక గుండుసూది తీశారు. గుడ్డలో కనపడాలని తలకి ఎర్ర పూస ఉన్న సూది అది. వచ్చి కొడుకు ముందు నేల మీద కూర్చున్నారు.

“చెప్పులు విప్పు.”

“ఎందుకమ్మా?”

“విప్పరా. కళ్ళు మూసుకో. గుచ్చనులే, పూసవైపే ఆనిస్తాను. ఎక్కడ తగిలిందో చెప్పు. అన్నీ సరిగ్గా చెప్తే ఈ చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇస్తాను. నీ పెళ్ళాం కూడా అడ్డురాదు.”

అతను కోడలి వైపు చూసి కన్నుగీటాడు. పరీక్ష తేలిగ్గా ఉందన్నట్టు కాళ్ళు చాపి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అత్తగారు పూసని కుడి మోకాలి కింద ఆనించారు.

“పిక్క” అన్నాడు వెంటనే.

చీలమండ మీద ఆనించారు.

“చీలమండ. కుడివైపు.” మొహం వెలిగింది. “చూశావా? నేను చెప్పలేదూ?”

కోడలు ఊపిరి పీల్చుకుంది. నర్సు ఊరికే భయపెట్టిందేమో. తిమ్మిరేనేమో.

పూస పాదం మీదికి జరిగింది. “పాదం” అన్నాడు, ఒక్క క్షణం ఆలోచించి. “పాదం... మధ్యలో.” మధ్యలో కాదు, అంచున. అత్తగారు ఏమీ అనలేదు. ఎడమకాలు చేతిలోకి తీసుకోబోయి, ఆ చేతి స్పర్శే చెప్పేస్తుందని కాబోలు, వెనక్కి తీసుకున్నారు. కాలు ముట్టుకోకుండా పూసని బొటనవేలి మీద ఆనించారు. కొంచెం నొక్కారు. మరికొంచెం నొక్కారు. పూస చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి గుంట పడింది.

కళ్ళు మూసుకునే ఉన్నాడు కొడుకు. పెదవి మీద ఆ నవ్వు అలాగే ఉంది.

“కానియ్యి అమ్మా” అన్నాడు. “ఎంతసేపు చూస్తావు? ఆనించు మరి.”